రెండు చుక్కల సెల్ఫ్ మోటారు

మా బావ బాగుచేసిన సెల్ఫ్ మోటారులో ఏ దోషమూ లేదు. ఈ ఒక్క ముక్క నా నోట్లోంచి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. నిజానికి నేను అడ్డమైన విషయాలకీ గొంతు చించుకునే మనిషిని. లారీ స్టాండులో ఎవడైనా నా బండికి అడ్డంగా స్కూటర్ పెడితే చాలు, వాడి వంశంలో అందరినీ పేరుపేరునా పలకరించేవాణ్ణి. అలాంటి నోరు, తెరవాల్సిన రోజున మాత్రం మూసుకుని కూర్చుంది.

మాది బిర్సానగర్, హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో పేట. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఠేకా పనికి, అంటే కాంట్రాక్టు కూలీగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు ఫ్యాక్టరీ గేటు లోపల పని దొరకలేదు, స్టీరింగు దొరికింది. చాలా ఏళ్ళు ఎవరెవరి బళ్ళో తోలాక, చివరికి ఒక పాత ఆరుచక్రాల లారీ నా సొంతమైంది. నా చేతికి వచ్చేసరికే అది ముసలిది. డ్రైవరు పక్క తలుపు తాడుతో కట్టి ఉండేది, హారన్ దాని ఇష్టం వచ్చినప్పుడు మోగేది. మా ఇంట్లో పిల్లలు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్తారు. ఆ లారీ ఏ భాషలో అడిగినా జవాబు చెప్పేది కాదు. అయినా అదంటే నాకు ప్రాణం.

మా బావ అంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆయనది ఇదే ఊళ్ళో భుయ్యాడీహ్ పేటలో ఒక్క షట్టరు కొట్టు, లారీలకీ ఆటోలకీ కరెంటు పని. రెండు మంచాలు వేస్తే నిండిపోయే ఆ కొట్లో నేలంతా విప్పిన మోటార్లు, గోడకంతా రాగి తీగ చుట్టలు. నది అవతల మాంగో పేట నుంచి కూడా మోటార్లు ఆటోలో వేసుకుని వంతెన దాటి ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. మాట తక్కువ మనిషి. మా అప్ప ఆ లోటు ఇద్దరి తరఫునా తీర్చేసేది. నేను వెళ్తే మాత్రం ఆయనకి ఎక్కడలేని మాటలూ వచ్చేవి, బామ్మర్దిని ఆటపట్టించే హక్కు వదులుకోడు కదా.

"ఏటి బామ్మర్దీ, ఈవేళ బండి నిన్ను తోల్లేదా, నువ్వే వచ్చేవా?" అనేవాడు నన్ను చూడగానే.

సెల్ఫ్ మోటారు అంటే పెద్ద వస్తువేమీ కాదు. తాళం తిప్పగానే అది రెండు క్షణాలు గట్టిగా తిరిగి, అంత పెద్ద ఇంజన్నీ నిద్ర లేపుతుంది. ఇంజన్ అందుకోగానే దాని పని అయిపోతుంది. ఆ రెండు క్షణాలూ అది పని చేయకపోతే టన్నుల బరువున్న లారీ ఉన్నచోటే ఉండిపోతుంది. మా బావ జీవితమంతా ఆ రెండు క్షణాల కోసమే పనిచేశాడు. ఒక మోటారు పూర్తిగా విప్పి, తీగ చుట్టి, మళ్ళీ బిగించాక, దాని ఒంటి మీద కనపడని చోట సన్నటి మొన ఉన్న పంచి ఆనించి సుత్తితో రెండు చుక్కలు కొట్టేవాడు. అదే ఆయన సంతకం. రెండు చుక్కలున్న మోటారు చెడిపోయిందని ఎవరైనా తెస్తే మళ్ళీ ఉచితంగా చేసిస్తానని అందరితోనూ అనేవాడు. అలా ఒక్కటీ వెనక్కి రాలేదు. దాని గురించి ఆయనకి గర్వం ఉండేది, దాచుకునేవాడు కూడా కాదు.

ఆ ఏడాది ఎండాకాలంలో నా లారీ సెల్ఫ్ నిజంగానే పోయింది. తాళం తిప్పితే ముసలాయన మంచం మీద నుంచి లేస్తున్నట్టు మూలుగు, ఆ తర్వాత నిశ్శబ్దం. నేను బ్యాటరీలు పోయాయని తిట్టుకుంటూ కొత్తవి కొనడానికి బయల్దేరుతుంటే బావ వచ్చాడు. పెట్టె తెరవలేదు, పానా తీయలేదు.

"పెద్ద లైట్లు ఎలిగించి తాళం తిప్పు," అన్నాడు.

తిప్పాను. లైట్లు ఒక్కసారిగా ఎర్రగా మసకబారాయి.

"సూసేవా? కరెంటు మోటారు దాకా ఎల్తంది. అదే మొత్తం తినేత్తంది. లోపల బుష్షులు అరిగిపోయి ఆర్మేచర్ రాసుకుంటంది. లైట్లు ఎప్పట్లాగే ఎలుగుతా సెల్ఫ్ పలక్కపోతే, అప్పుడు కరెంటు దార్లో ఎక్కడో ఆగిపోయినట్టు. ఈ రెండు ముక్కలూ గుర్తెట్టుకో, సగం మెకానిక్కువి అయిపోతావు," అన్నాడు.

బ్యాటరీ తీగ విప్పి, లారీ కిందికి దూరి, మోటారు దింపి, తన కొట్టుకి తీసుకెళ్ళాడు. విప్పి చూపించాడు. సరిగ్గా ఆయన చెప్పినట్టే బుష్షులు అరిగి, ఆర్మేచర్, అంటే లోపల తిరిగే దిమ్మ, ఒక పక్క గీరుకుపోయి ఉంది. ఆ దిమ్మకి కరెంటు అందించే కార్బన్లు కూడా గోరంత మిగిలాయి. రెండు రోజులు కూర్చుని అంతా కొత్తగా చేశాడు. చివర్న రెండు చుక్కలు నా ఎదురుగానే కొట్టాడు. బిగించాక తాళం తిప్పితే ఇంజన్ అర చుట్టు కూడా తిరక్కుండానే అందుకుంది. ఆ రోజు నేను బావని భుజం మీద గట్టిగా చరిచాను, అంత సంతోషం వేసింది.

వానలు తగ్గాక విశ్వకర్మ పూజ వచ్చింది. ఈ ఊళ్ళో పానా పట్టిన ప్రతివాడికీ అది పెద్ద పండగ. మా బావకి ఇంకా పెద్దది. ముందురోజు సాయంత్రం పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఎర్రగుడ్డ మీద వరసగా పేర్చి బొట్లు పెడతాడు. ఇక మర్నాడంతా వాటిని ముట్టుకోడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఒక ఏడాది పూజ రోజునే ఆయన స్కూటర్ మాంగోలో ఆగిపోయింది. ప్లగ్గు విప్పి తుడిస్తే నడిచే బండి. అది విప్పడానికి పానా పట్టాలి కాబట్టి, వంతెన మీదుగా భుయ్యాడీహ్ దాకా తోసుకుంటూ వచ్చాడు. మేమందరం నవ్వుతుంటే, "ఏడాదంతా మనకోసం తిరుగుతాయి. ఒక్కరోజు పడుకోనీండ్రా," అన్నాడు.

పూజ నాటికి లారీకి రంగు వేయడం మా ఆనవాయితీ. కనీసం చాసిస్‌కైనా, అంటే అడుగు చట్రానికైనా ఎర్రరంగు పడాలి. ఆ ఏడాది నేను ట్రిప్పు నుంచి పండగ ముందురోజు చీకటి పడ్డాకే ఇల్లు చేరాను. పూజ రోజు తెల్లవారుతూనే రంగు డబ్బా, కుంచె పట్టుకుని కింద దూరాను. పది గంటలకి బావ వచ్చి నా లారీకి కొబ్బరికాయ కొట్టాలి. ఆయన చేత్తో కొట్టించడం నాకు నమ్మకం.

రంగు వేస్తూ ఎర్త్ పట్టీ దగ్గరికి వచ్చాను. ఇంజన్‌కీ చాసిస్‌కీ మధ్య ఉండే రాగి అల్లిక పట్టీ అది. ఒక కొస సెల్ఫ్ మోటారు బోల్టు కింద ఉంటుంది, రెండో కొస చాసిస్ మీద. మోటారు తిప్పిన కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి అదే. చాసిస్ మీద ఉన్న కొస చుట్టూ తుప్పు కనపడింది. చుట్టూ వేసి వదిలేస్తే సరిపోయేది. కానీ పూజ కదా, ఒక్క మచ్చ కూడా మిగలకూడదని నాకు పట్టుదల పట్టింది. రోడ్డు మీద ఎవరూ లేరు. సీటు కింద నుంచి పానా తీసి, బోల్టు విప్పి, కింద కూడా శుభ్రంగా ఎర్రరంగు పట్టించాను. ఆరే దాకా ఆగడానికి టైము లేదు. తడి రంగు మీదే పట్టీ పెట్టి బోల్టు బిగించి, పానా తుడిచి మళ్ళీ సీటు కింద దాచేశాను. భక్తి ఎక్కువై చేసిన పని అది. రంగు కరెంటుని వెళ్ళనివ్వదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు.

బావ వచ్చి కాయ కొట్టాడు. సరిగ్గా రెండు చెక్కలైంది. చాసిస్ వంక వంగి చూసి, "బాగా ఏశావురా రంగు. పెళ్ళికూతురిలా ఉంది," అన్నాడు. నాకు లోపల కాస్త గుచ్చుకుంది కానీ ప్రసాదం తినేసరికి పోయింది.

బోల్టు మరలు ఎక్కడో ఇనుముకి తగులుతున్నాయి కాబోలు, మూడు వారాలు బండి బాగానే లేచింది. దసరా అయ్యాక మొదలైంది గొడవ. పొద్దున్న తాళం తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. నలుగురిని పిలిచి ధక్కా కొట్టిస్తే, అంటే వెనక నుంచి తోయిస్తే, ఇంజన్ అందుకునేది. రెండు రోజులు ఏటవాలు చోట ఆపుతూ నెట్టుకొచ్చాను. మూడో రోజు దసరా పందిళ్ళ వెదురూ, ఇనప గొట్టాలూ ఎత్తుకెళ్ళే బేరం ఉంది. ఆ రోజు స్టాండులో ధక్కాకి చాలినంత ఊపు రాక అలా కూడా లేవలేదు. అవతల పందిరి వాళ్ళు ఫోన్ మీద ఫోన్. నాకు మెదడు ఉడికిపోయింది. బావకి ఫోన్ చేస్తే చేతిలో పని వదిలేసి వచ్చాడు.

లైట్లు వెలిగించి తాళం తిప్పమన్నాడు. "టక్" అంది. లైట్లు ఏమాత్రం మందగించలేదు, దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. ఆయన మొహం మారింది.

"కరెంటు దార్లో ఆగిపోతంది," అన్నాడు. బ్యాటరీ టెర్మినళ్ళు చూశాడు, గట్టిగానే ఉన్నాయి. కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో మోటారు మీది స్విచ్చి రెండు కొసలూ కలిపి చూశాడు. అక్కడా టక్కే. అక్కడి నుంచే అడిగాడు, "ఒరే, రంగేసినప్పుడు ఎర్త్ పట్టీ గానీ విప్పేవా?"

చుట్టూ పదిమంది డ్రైవర్లు ఉన్నారు. విప్పానంటే ఎప్పుడు విప్పావంటాడు. పూజ రోజని చెప్పాలి. ఆ రోజు పానా పట్టిన చేత్తోనే ఆయన ముందు హారతి కళ్ళకద్దుకున్నానని చెప్పాలి.

"లేదు బావా, నాను ఏటీ విప్పలేదు," అన్నాను.

"సరిగ్గా గుర్తు సేసుకో. ఎర్త్‌కి ఇంకో తీగేసి సూత్తానుండు."

"విప్పలేదంటే ఇనవేటి? ఎర్త్ అంతా నాను సూసేను, శుబ్బరంగా ఉంది. అవతల బేరం పోతంది, బేగి తెముల్చు!"

ఆయన ఇంకేమీ అడగలేదు. నా మాట తీసేసి తీగతో చూడడం ఆయనకి చేతకాలేదు. దారిలో ఇంకెక్కడా ఆగకపోతే మిగిలింది ఒక్కటే చోటు, మోటారు లోపల. అంటే తను వేసిన కార్బన్లు పట్టుకోవడం లేదు. కింద నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా, "అయితే తప్పు నాదేరా. మోటారు దింపి సూత్తాను," అన్నాడు.

అక్కడితో ఊరుకోవచ్చు నేను. ఊరుకోలేదు. "సొంత బామ్మర్ది బండికే పాత కార్బన్లు ఏసేవేటి బావా? రెండు సుక్కలు కొట్టడానికి సిగ్గనిపించలేదా?" అని అందరూ వినేలా అరిచాను. ఎవడో వెనక నుంచి, "సాలే కో భీ నహీ ఛోడా," బామ్మర్దిని కూడా వదల్లేదని నవ్వాడు. బావ నా వంక ఒక్కసారి చూశాడు. మోటారు దింపి, ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు.

ఆయన వచ్చే దాకా ఆగలేక నేను మాంగో బజారుకి పోయి కొత్త సెల్ఫ్ మోటారు తెచ్చాను. నేనే బిగించాను. పెద్ద కష్టం కాదు, మూడు బోల్టులు, రెండు తీగలు, కాకపోతే బరువు. పడుకుని గుండెల మీద మోసి ఎత్తి పట్టుకోవాలి. డ్రైవర్లందరూ ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఉన్నారు. ఎక్కి తాళం తిప్పాను.

"టక్."

కొత్త మోటారు. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. పట్టీ కింద వేసిన రంగు అప్పుడు తట్టింది నా బుర్రకి.

మళ్ళీ కిందికి దూరి పట్టీ బోల్టు విప్పాను. పట్టీ కొస రంగులో అతుక్కుపోయి ఉంది, పీకితే ఊడింది. దాని కింద నేను వేసిన ఎర్రరంగు, మధ్యలో అక్కడక్కడా మాడిన నల్లటి మచ్చలు. కత్తి తీసుకుని ఇనుము మెరిసే దాకా గీకాను. పట్టీ కొస కూడా గీకాను. బిగించి, ఎక్కి, తాళం తిప్పాను. ఇంజన్ ఒక్క దెబ్బకి లేచింది.

టీ బడ్డీ దగ్గర వాళ్ళు చప్పట్లు కొట్టారు. "జీజా కా మోటార్ హీ ఖరాబ్ థా," అన్నాడు ఒకడు, పాడైంది బావ మోటారేనని. నేను తల ఊపాను. అవునని నోటితో అనలేదు, తల మాత్రమే ఊపానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. దొంగకి ఏదో ఒక సాకు కావాలి కదా.

పందిరి వెదురు ఎత్తడానికి బయల్దేరుతుంటే ఆటోలో బావ వచ్చాడు. ఒళ్ళో మోటారు. అన్నం కూడా తిన్నట్టు లేదు. లోపల ఏ లోపమూ కనపడకపోయినా ఉన్న కార్బన్లు తీసేసి మళ్ళీ కొత్తవి వేసి తెచ్చాడట. నడుస్తున్న ఇంజన్ చప్పుడు విని ఆటోలోనే కూర్చుండిపోయాడు.

"కొత్తదేసేవా? లేచిందా?"

"లేచింది బావా."

"మంచిది. బండి తిరగాల, అంతే కదా కావాల్సింది." ఆటో వెనక్కి తిప్పమన్నాడు. నేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. దిగి పరిగెత్తి ఆ ఆటో ఆపి ఉంటే ఎంత బాగుండేది. అప్పటికి ఇంకా ఏమీ చెడిపోలేదు. ఒక పది అడుగులు నడిస్తే సరిపోయేది.

స్టాండులో మాట గాలి కంటే ముందు పోతుంది. నాతో ఎవరూ ఏమీ అనలేదు కానీ భుయ్యాడీహ్ కొట్టు ముందు ఆగే బళ్ళు తగ్గాయి. అదైనా ఆయన తట్టుకునేవాడే. ఆయన్ని తిన్నది వేరే. ఆ మోటారు బెంచి మీద పెట్టి రోజూ తిప్పి చూసుకునేవాడని అప్ప చెప్పింది. బాగానే తిరుగుతుంది. మళ్ళీ విప్పుతాడు, మళ్ళీ బిగిస్తాడు.

"బెంచి మీద తిరుగుతాది, బండి మీద సచ్చిపోతాది. నాకు తెలీని రోగం ఏదో ఉంది దీన్లో," అన్నాడు నాతో ఒకసారి. "ఒరే, ఒక్కపాలి నీ బండికే మళ్ళీ బిగించి సూద్దామా? అరగంట పని."

"ఎందుకు బావా, ట్రిప్పు ఉంది," అన్నాను.

ఇంకో నెలకి మళ్ళీ అడిగాడు. ఈసారి బతిమాలినట్టే అడిగాడు. నేను టైర్లు మార్పించాలని ఏదో చెప్పి తప్పించుకున్నాను. బిగిస్తే అది ఒక్క దెబ్బకి లేస్తుందని నాకు తెలుసు. లేచాక ఆయన నా మొహం వైపు చూస్తాడు. ఆ భయంతోనే ఆయన్ని అంత ఏడిపించాను.

అప్పట్నుంచి ఆయన చేసిన మోటార్ల మీద చుక్కలు లేవు. పంచి ఏమైంది బావా అని అడిగే ధైర్యం నాకు లేదు. తర్వాత మోటార్లు ఒప్పుకోవడమే మానేసి, హారన్లూ, లైట్లూ మాత్రం చేస్తానన్నాడు. "సెయ్యి ముందులా లేదే, నా సెయ్యి మీద నాకే నమ్మకం పోయింది," అనేవాడట అప్పతో. ఒక రోజు షట్టరు దించేసి, మాంగోలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. నా లారీకి కూడా కాలం చెల్లింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు రాదని తేలాక తుక్కు కింద ముక్కలు కోసేశారు. నేనిప్పుడు ఇంకొకరి బండి తోలుతున్నాను.

మొన్న చలికాలంలో అప్పకి మోకాలి నొప్పి ఎక్కువైంది. బావకి మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చి రమ్మంటే వంతెన దాటి వెళ్ళాను. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, నీలం చొక్కా, విజిల్‌తో కూర్చున్నాడు. చొక్కా ఆయనకి రెండు సైజులు పెద్దది. నన్ను చూసి నవ్వి, క్యారేజీ మూత తీస్తుంటే లోపల పార్కింగ్‌లోంచి చప్పుడు వినపడింది. టక్. మళ్ళీ టక్. ఎవరో కారు లేవడం లేదు. కారాయన గేటు దగ్గరికి వచ్చి, ఏమైందో కాస్త చూడమన్నాడు.

"చాచా, జరా దేఖియే నా. క్యా హువా ఇస్‌కో?"

బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, చేతులు కట్టుకున్నాడు. "హమ్‌కో నహీ ఆతా బాబూ. మిస్త్రీ కో బులా లీజియే."

తనకి రాదట, మిస్త్రీని పిలుచుకోమన్నాడు. నిద్రలో కూడా కనిపెట్టేవాడు అదేమిటో. నేను వెళ్ళి బానెట్ ఎత్తి చూశాను. బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉంది, చేత్తో నొక్కి తిప్పితే బిగిసింది. కారు లేచింది. ఆయన థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. వెనక్కి వస్తుంటే అర్థమైంది. నాకు రాదు అని ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే తనకి రాదని నమ్ముతున్నాడు. అలా నమ్మించింది నేను.

ఆయన పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పేశాను. పూజ రోజు పానా తీయడం, తడి రంగు మీద పట్టీ బిగించడం, కొత్త మోటారు కూడా టక్కుమనడం, కత్తితో గీకడం, తల ఊపడం. ఏదీ దాచలేదు. చెప్తుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను.

ఆయన ముద్ద చేత్తో పట్టుకుని విన్నాడు. "పట్టీ కింద రంగా?" అన్నాడు. ఒక్క క్షణం కళ్ళు చిన్నవయ్యాయి, పాత బావ కనపడ్డాడు. "లైట్లు బాగా ఎలుగుతాయి, సెల్ఫ్ టక్కుమంటాది... ఔను, సరిపోతాది లెక్క."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అదే బావా! నీ మోటారు బంగారం. తప్పంతా నాదే."

ఆయన నా వంక చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"బాగా ఆలోసించి కత కట్టేవురా. మీ అప్ప సెప్పిందా నా మనసు బాగోలేదని?"

"అప్ప ఏటీ సెప్పలేదు. నిజం బావా, ఒట్టు!"

"ఒట్లు పెట్టకు. ఆ రోజు బండి కింద నుంచి నిన్ను రెండు పాల్లు అడిగేను. రెండు పాల్లూ విప్పలేదన్నావు. నువ్వు కోపిష్టోడివి గానీ నాకు ఎప్పుడూ అబద్దం ఆడలేదు. అందులో పూజ రోజు పానా పడతావా నువ్వు?" అని నా తల మీద ఎడం చేత్తో తట్టాడు. "పోన్లేరా. నా తప్పు నాను ఎప్పుడో ఒప్పుకున్నాను. నువ్వు మోయక్కర్లేదు."

నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. చూపించడానికి లారీ లేదు, చాసిస్ లేదు, ఆ బోల్టు ఎక్కడ కరిగిపోయిందో తెలియదు. ఆయన వింటూ నవ్వుతూ అన్నం తిన్నాడు. ఇంతలో ఒక కారు హారన్ కొడితే, చెయ్యి కడుక్కుని గేటు తీయడానికి లేచాడు.

ఆ సాయంత్రం అప్ప ఫోన్ చేసింది. "ఏటి సెప్పేవురా తమ్ముడూ మీ బావకి? ఇన్నాళ్ళకి నవ్వుతా వచ్చేడు ఇంటికి. నా బామ్మర్ది లాంటోడు ఏ ఇంట్లోనూ ఉండడే అని ఒకటే పొగుడతన్నాడు."

నేను ఫోన్ కట్ చెయ్యకుండానే మంచం మీద బోర్లా పెట్టేశాను. అప్ప అవతల హలో, హలో అంటూనే ఉంది.